పేర్లు పెట్టింది బుజుర్గులు, మరి ఇప్పుడు చూసేదెవరు?

మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక ఫోటో తిరిగింది. నల్లటి ఆస్మాన్, మధ్యలో ఒక సితారా, దాని చుట్టూ నారింజ రంగులో ఒకదాని లోపల ఒకటిగా గర్ద్ వలయాలు. ఫొమల్‌హాట్ అనే నక్షత్రాన్ని జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన ఫోటో అది. 2023లో విడుదలైంది. ఈ సితారాకి పేరు పెట్టింది మన బుజుర్గులేననీ, ఫఖ్ర్‌గా పదిమందికీ పంపమనీ కింద ఎవరో ఉర్దూలో రాశారు. గంట తిరక్కుండా మాషా అల్లాహ్‌లు, దిల్ గుర్తులు వరసకట్టాయి.

వాటన్నిటి కిందా మా భాంజీ ఒక్కతే ఒక సవాల్ అడిగింది. “మామూ, ఆ గర్ద్ అక్కడ ఎందుకుంది?”

ఎవరూ జవాబివ్వలేదు. ఆ గ్రూపులో ఇద్దరు ఇంజనీర్లు, ఒక డాక్టరు, ముగ్గురు టీచర్లు, ఒక జర్నలిస్టు ఉన్నాం. ఆ జర్నలిస్టు నేనే. పది నిమిషాల తర్వాత ఎవరో దమ్ బిర్యానీ వీడియో పెట్టారు. సవాల్ పైకి వెళ్ళిపోయింది.

మా భాంజీ ఈ ఏడే ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఫిజిక్స్‌తో బీఎస్సీ చేస్తానంటుంది, ఆ తర్వాత ఆస్ట్రానమీ చదువుతానంటుంది. కంప్యూటర్ ఇంజనీరింగే చేయాలని మా దుల్హాభాయ్ పట్టు. “ఆస్మాన్‌లో దుమ్ము లెక్కపెడితే జీతమెవరిస్తాడు?” అని ఆయన అడుగుతున్నారు. మా ఆపా ఇద్దరి మధ్యా నలుగుతోంది. ఆ అమ్మాయి సవాల్‌కి జవాబు, ఆయన సవాల్‌కి జవాబు, రెండూ ఒకే చోట దొరుకుతాయని నా ఖయాల్. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు గర్ద్ సంగతి. దాన్ని మనలో చాలామంది చిన్నప్పుడే చూశాం, పేరు కూడా విన్నాం. చూస్తున్నది ఏమిటో మాత్రం తెలియదు.

మా నానీ సెహరీకి అందరికంటే ముందు లేచేది. రంజాన్‌లో నన్ను డాబా మీదకి తీసుకెళ్ళి తూర్పు చూపించేది. దిగంతం మీద పొడుగ్గా, నిట్టనిలువుగా, పల్చటి పాలరంగు వెలుగు. “తెల్లారిపోయింది నానీ, ఇక తినకూడదు” అంటే నవ్వేది. “అది సుబ్హ్ కాజిబ్ బేటా, అబద్ధపు తెల్లవారు. అసలుది అడ్డంగా పరుచుకుంటుంది. అది సుబ్హ్ సాదిఖ్. దానికి ఇంకా వక్త్ ఉంది, తిను.” పాత కితాబుల్లో ఆ నిలువు వెలుగుని తోడేలు తోకతో పోల్చారని కూడా ఆమే చెప్పింది. నానీ బడికి వెళ్ళలేదు. కానీ ఈ రెండు వెలుగుల ఫరఖ్ ఆమెకి కచ్చితంగా తెలుసు.

ఆ తోడేలు తోక నిజానికి ధూళి. మన సూరజ్ చుట్టూ, గ్రహాలు తిరిగే తలంలోనే పల్చగా పరుచుకుని ఉన్న సన్నటి ధూళి మీద ఎండ పడి మెరవడమే ఆ వెలుగు. గ్రహశకలాలు ఒకదానికొకటి గుద్దుకుని రాలే పొడి, తోకచుక్కలు విడిచిపెట్టిన పొడి కలిసి అది తయారవుతుంది. అంటే మా నానీ రోజూ చూసింది మన సూర్యుడి సొంత ధూళి వలయాన్ని. ఫొమల్‌హాట్ ఫోటోలో ఉన్నదీ అలాంటిదే, కాకపోతే మన దానికంటే ఎన్నో రెట్లు చిక్కన. సైన్స్‌లో వీటిని డెబ్రిస్ డిస్క్‌లు అంటారు. ఉర్దూలో చెప్పాలంటే మల్బా తష్తరీ అనొచ్చు. ఇల్లు కూల్చాక మిగిలేది మల్బా. ఇక్కడ కూలుతున్నవి కొండలంత రాళ్ళు.

ఇక మా భాంజీ అడిగిన ‘ఎందుకు’. దీనికి మా అనకాపల్లి వైపువాళ్ళకి సులువైన మిసాల్ ఉంది. హైవే మీద వెళ్తుంటే కొండ వెనక నుంచి తెల్లటి దుమ్ము లేస్తూ కనిపిస్తుంది. క్రషర్ మనకు కనపడదు, శబ్దం కూడా వినపడకపోవచ్చు. అయినా కొండ వెనక రాయి పగులుతోందని బస్సులో ఉన్న పిల్లాడు కూడా చెప్పేస్తాడు. కరెంటు పోతే కాసేపట్లో దుమ్ము నేలకు దిగిపోతుంది. దుమ్ము గాల్లో ఉందంటే మిషన్ ఇప్పుడు ఆడుతున్నట్టే లెక్క.

నక్షత్రం చుట్టూ కూడా ధూళి ఎక్కువకాలం నిలవదు. పెద్ద నక్షత్రమైతే దాని వెలుగు తోపుకే సన్నటి రేణువులు బయటికి ఎగిరిపోతాయి. కొంచెం పెద్ద రేణువులు వేగం తగ్గి, మెల్లగా చుట్టలు చుట్టుకుంటూ లోపలికి జారి కాలిపోతాయి. ఈ పని పూర్తికావడానికి పట్టే కాలం నక్షత్రం వయసుతో పోలిస్తే చాలా చిన్నది. మన సూర్యుడి వయసు సుమారు 460 కోట్ల ఏళ్ళు. పుట్టుకనాటి ధూళే అయితే ఎప్పుడో ఖతమ్ అయిపోయి ఉండాలి. మా నానీకి కనపడిందంటే కొత్తది తయారవుతూనే ఉందని అర్థం. ధూళి వలయం కనిపించిన ప్రతి నక్షత్రం దగ్గరా మనకు కనపడని రాళ్ళు, మంచుగడ్డలు గుద్దుకుంటూ ఉన్నాయి. తరచు అక్కడ గ్రహాలు కూడా ఉంటాయి, ఆ రాళ్ళను కదిలించేది అవే. ఖగోళ శాస్త్రవేత్తలు ధూళి వెంట పడేది అందుకే.

ఈ కహానీ మొదలైంది 1983లో. ఐరాస్ అనే ఉపగ్రహం ఆ ఏడాది జనవరిలో పైకి వెళ్ళింది. ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే వేడి వెలుగులో, ఆకాశమంతా చూడటం దాని పని. పరికరాలు సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసుకోవడానికి వేగా అనే నక్షత్రం వైపు తిప్పారు. ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ వేడి కనిపించింది. ముందు పరికరం తప్పనుకున్నారు. పరికరం బాగానే ఉంది, నక్షత్రం చుట్టూ ధూళి ఉంది. వేగా అనే పేరు అన్-నస్ర్ అల్-వాఖీ నుంచి వచ్చింది, దిగుతున్న గద్ద అని మానీ. మన తెలుగువాళ్ళకి అదే అభిజిత్ నక్షత్రం. ఫొమల్‌హాట్ అంటే ఫమ్ అల్-హూత్, చేప నోరు. ధూళి దొరికిన మొదటి నక్షత్రాల్లో అదీ ఒకటి.

మా గ్రూపులో ఫఖ్ర్ అంతా ఈ పేర్ల గురించే. అందులో ఒక సంగతి మాత్రం దాటేశారు. చేప నోరు అన్నది అరబ్బుల సొంత ఊహ కాదు. దక్షిణ మీనం నోటి దగ్గర నక్షత్రమని గ్రీకు పండితుడు టాలెమీ, అంటే మన బత్లీమూస్, రాసిన దానికి తర్జుమా. అంతకుముందు ఎడారి అరబ్బులు ఆ నక్షత్రాన్ని పిలిచింది మొదటి కప్ప అని! రెండో కప్ప ఇంకో నక్షత్రం. అయితే ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అబ్దుర్రహ్మాన్ అస్-సూఫీ 964 ప్రాంతంలో నక్షత్రాల మీద తన కితాబ్ రాసినప్పుడు బత్లీమూస్ జాబితాని ఉన్నదున్నట్టు దించేయలేదు. ఏ నక్షత్రం ఎంత కాంతిగా ఉందో తన కళ్ళతో మళ్ళీ చూసి, తేడా వచ్చినచోట తేడా అని రాశాడు. బుజుర్గుల బడప్పన్ పేర్లు పెట్టడంలో ఉందనుకుంటున్నాం. నాకైతే అది మళ్ళీ చూడటంలో కనిపిస్తోంది.

వేగా, ఫొమల్‌హాట్ రెండూ సూర్యుడి కంటే పెద్దవి, కాంతి చాలా ఎక్కువ. అందుకే వాటి ధూళి త్వరగా దొరికింది. కానీ మన కహ్‌కషాన్‌లో నక్షత్రాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు చిన్నవి, ఎర్రటివి, మసక వెలుగువి. వాటిలో ఒక్కటి కూడా ఉత్త కళ్ళకి కనపడదు. చిన్న నక్షత్రాల చుట్టూ ధూళి వలయాలు దొరికింది చాలా తక్కువ. వాటికి ధూళి లేదా, గ్రహాలు పుట్టలేదా అని ఎన్నో ఏళ్ళు చర్చ నడిచింది.

2004లో పాల్ కలాస్ బృందం ఏయూ మైక్రోస్కోపీ అనే చిన్న నక్షత్రం పక్కన, హవాయి దీవుల్లోని మౌనా కియా కొండ మీది టెలిస్కోపుతో, ధూళి పళ్ళాన్ని ఫోటో తీసింది. ఆ నక్షత్రం మనకు సుమారు 32 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. బరువు సూర్యుడిలో దాదాపు సగం, వయసు సుమారు రెండు కోట్ల ఏళ్ళు. మన సూర్యుడిని నలభై ఆరేళ్ళ మనిషి అనుకుంటే, అది ఇంకా మూడు నెలలు కూడా నిండని బచ్చా. 2020లో దాని చుట్టూ ఎనిమిదిన్నర రోజులకోసారి తిరిగే గ్రహాన్ని కనిపెట్టారు, మరుసటి ఏడు ఇంకొకటి. కొండ వెనక క్రషర్ ఉందన్నది నిజమైంది.

ఫొమల్‌హాట్‌కి కూడా ఒక చిన్న తమ్ముడున్నాడు. దానికి చాలా దూరంగా ఉన్న ఒక చిన్న ఎర్ర నక్షత్రం ఆ కుటుంబంలో మూడో సభ్యుడని 2013లో తేల్చారు. హెర్షెల్ అనే అంతరిక్ష టెలిస్కోపు దాని చుట్టూ కూడా చల్లటి ధూళి వలయాన్ని పట్టింది. 2025 జూన్‌లో ఇంకో ఖబర్ వచ్చింది. టీడబ్ల్యూఏ 7 అనే చిన్న నక్షత్రం వయసు 64 లక్షల ఏళ్ళే, దూరం 110 కాంతి సంవత్సరాల పైచిలుకు. దాని ధూళిలో మూడు వలయాలున్నాయి. ఆ వలయాల మధ్య ఖాళీలో శనిగ్రహమంత బరువున్న గ్రహాన్ని జేమ్స్ వెబ్‌తో నేరుగా ఫోటో తీశామని ఫ్రాన్స్‌కి చెందిన ఆన్-మరీ లగ్రాంజ్ బృందం ప్రకటించింది. అప్పటిదాకా నేరుగా ఫోటో తీసిన పరాయి గ్రహాల్లో అంత తేలికైనది లేదు.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు దొరకలేదు? చిన్న నక్షత్రం వెలుగు తక్కువ, కాబట్టి దాని ధూళి వేడెక్కదు. చల్లటి ధూళి మన పాత పరికరాలకి ఆనలేదు. ధూళి లేదని రాసుకున్న చోట చాలాసార్లు లేనిది ధూళి కాదు, చూసే కన్ను. దాన్ని చూడాలంటే వేరే పరికరం, వేరే ఓపిక కావాలి. ఈ వాక్యం రాస్తుంటే ఉర్దూ మీడియం నుంచి డిగ్రీలో తెలుగులోకి వచ్చిన నా రోజులు యాదొచ్చాయి. సితారా, సయ్యారా అని చదువుకున్నవాడిని, నక్షత్రం, గ్రహం అని పలకడానికి తడబడితే, వీడికి సబ్జెక్టే రాదని ఒక మాస్టారు తేల్చేశారు. నాకు రానిది మాట, సబ్జెక్టు కాదు. ఆయన దగ్గర ఉన్న కొలబద్దకి నేను అందలేదు, అంతే.

ఇప్పుడు మన ఇలాఖాకి వద్దాం. ఇదంతా అమెరికా, యూరప్ గొడవ, మనకెందుకు అనేవాళ్ళకి నేను చెప్పాల్సిన అసలు ముచ్చట ఇదే.

1901లో హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో ఇంగ్లండ్ నుంచి టెలిస్కోపు తెప్పించి ఒక రసద్‌గాహ్ మొదలుపెట్టారు. నిజామ్ పేరు మీద దానికి నిజామియా అబ్జర్వేటరీ అని పేరు. ఆయన ఇంతిఖాల్ తర్వాత 1908లో నిజామ్ సర్కారు దాన్ని తీసుకుని బేగంపేటలో నడిపింది. ఆ రోజుల్లో ప్రపంచంలోని సుమారు ఇరవై అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని, గాజు పలకల మీద ఫోటోలు తీసి, ప్రతి చుక్క స్థానాన్ని కొలిచే పని పెట్టుకున్నాయి. దక్షిణాన మైనస్ 17 డిగ్రీల నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మొదట దక్షిణ అమెరికాలోని శాంటియాగోకి ఇచ్చారు. అక్కడ పని సాగలేదు. ఆ పట్టీ హైదరాబాద్‌కి వచ్చింది. 1914 నుంచి 1929 దాకా ఆ పలకలు తీశారు. తర్వాత ఉత్తరాన ఇంకో పట్టీ కూడా తీసుకుని చేశారు. చాట్‌వుడ్, పోకాక్ అనే ఇంగ్లీషువాళ్ళ తర్వాత టి.పి. భాస్కరన్ 1918 నుంచి 1944 దాకా డైరెక్టర్‌గా ఉన్నారు. ఆయన తర్వాత అక్బర్ అలీ వచ్చారు. రంగాపూర్ దగ్గర 48 అంగుళాల పెద్ద టెలిస్కోపు పెట్టాలన్న ఆలోచన అక్బర్ అలీదే. 1968లో అది నిలబడింది. ఆ నిజామియాలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకే వేణు బాప్పు. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీకి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

ఆ గాజు పలకలకీ ధూళికీ సంబంధం ఉంది. నక్షత్రాలు నిలబడి ఉన్నట్టు కనిపిస్తాయి కానీ మెల్లగా కదులుతాయి. ఎంత కదిలిందో తెలియాలంటే పాత స్థానం కావాలి, కొత్త స్థానం కావాలి, మధ్యలో ఎన్నో దశాబ్దాలు గడవాలి. 2000లో టైకో-2 అనే జాబితా వచ్చింది. హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన కొత్త స్థానాలను ఆ పాత గాజు పలకల స్థానాలతో పోల్చి, 25 లక్షల నక్షత్రాల చలనాన్ని అందులో లెక్కగట్టారు. ఆ పాత స్థానాల్లో హైదరాబాద్ పలకలవి కూడా ఉన్నాయి. ఒకే మబ్బు నుంచి కలిసి పుట్టిన నక్షత్రాలు కలిసే కదులుతాయి, ఒక బారాత్ లాగా. కదలిక తెలిస్తే బారాత్ తెలుస్తుంది, బారాత్ తెలిస్తే వయసు తెలుస్తుంది. ఫలానా చిన్న నక్షత్రం ఇంకా పసిదని చెప్పడానికి ఉన్న గట్టి దారుల్లో ఇది ఒకటి. ఏయూ మైక్రోస్కోపీ కూడా అలాంటి ఒక బారాత్‌లోదే. ఇప్పుడైతే 2013లో వెళ్ళిన గయా ఉపగ్రహం ఈ పనిని ఇంకా మసక నక్షత్రాల దాకా తీసుకెళ్ళింది.

హైదరాబాద్ పట్టీ ఎక్కడిదో తెలుసా? తేలు తల మీదుగా పోతుంది. మే నెలలో రాత్రి పదకొండు దాటాక అనకాపల్లి డాబా ఎక్కి దక్షిణం వైపు చూడండి. దిగంతానికీ నడినెత్తికీ మధ్య సగం కంటే కొంచెం పైన మూడు నక్షత్రాలు ఒక గీతలా ఉంటాయి. మన రైతులకి అది అనూరాధ. అనూరాధ కార్తె అనే మాట దాని మీద వచ్చిందే. అరబ్బుల చాంద్ మంజిళ్ళలో అదే అల్-ఇక్లీల్, కిరీటం. ఆ మూడింటిలో ఒకదాని పేరు అక్రబ్, అంటే తేలే. ఇంకోదాని పేరు జుబ్బా, అల్-జబ్‌హా నుంచి వచ్చింది, నుదురు. అక్రబ్, జుబ్బా రెండూ హైదరాబాద్ పట్టీలోనే పడతాయి.

ఆ చోట ఉన్న నక్షత్రాల గుంపుకి అప్పర్ స్కార్పియస్ అని పేరు. సుమారు 470 కాంతి సంవత్సరాల దూరం. వయసు యాభై లక్షల నుంచి కోటి ఏళ్ళ పైచిలుకు వరకు చెబుతారు. కంటికి కనిపించే ఆ కొన్ని పెద్ద నక్షత్రాల మధ్య కంటికి కనపడని చిన్న నక్షత్రాలు వందల్లో ఉన్నాయి. స్పిట్జర్ అనే అంతరిక్ష టెలిస్కోపుతో వాటిని చూసి 2006లో ఒక ముఖ్యమైన విషయం రాశారు. ఆ వయసుకి పెద్ద నక్షత్రాలు తమ పుట్టుకనాటి వాయువునీ ధూళినీ పోగొట్టుకున్నాయి, కొన్నింటి దగ్గర మిగిలింది రాళ్ళ పొడి మాత్రమే. చిన్న నక్షత్రాల్లో చాలావాటికి పుట్టుకనాటి పళ్ళెం ఇంకా మిగిలే ఉంది. గ్రహాలు కట్టుకోవడానికి చిన్నవాటికి ఎక్కువ వక్త్ దొరుకుతుందన్నమాట. అనూరాధని చూసి విత్తనం సంగతి ఆలోచించిన రైతు, ఇక్లీల్‌ని చూసి దారి పట్టిన ముసాఫిర్, బేగంపేటలో గాజు పలక మీద చుక్కలు కొలిచిన గుమాస్తా, వీళ్ళందరూ చూసింది ఆ చోటునే. ఆ వరసలో తర్వాత నిలబడాల్సింది మా భాంజీ వయసువాళ్ళు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. నక్షత్రం చుట్టూ ధూళి కనిపించాలంటే అక్కడ ఇప్పుడు పని జరుగుతుండాలి. పాత ధూళి తనంతట తాను నిలవదు. మన ఫఖ్ర్ కూడా అంతే. అస్-సూఫీ పేరు, జఫర్ జంగ్ పేరు, అక్బర్ అలీ పేరు ఎన్ని గ్రూపుల్లో తిప్పినా, ఆ పని చేసేవాళ్ళు మన ఇళ్ళలో ఇప్పుడు లేకపోతే అది ఎక్కువకాలం ఉండదు. ఫార్వర్డ్ చేసే ఖౌమ్‌కి తెలిసేది నక్షత్రాల పేర్లు మాత్రమే. మన బచ్చీ సవాల్ అడిగినప్పుడు గ్రూపంతా ఖామోష్ అయిపోవడమే దానికి సుబూత్.

ఇక దుల్హాభాయ్ సవాల్, జీతమెవరిస్తాడని. అది హల్కా సవాల్ కాదు. రోజూ దుకాణం తెరిస్తేనే ఇల్లు గడిచేవాళ్ళం. ఆడపిల్ల చదువు మీద పెట్టే ప్రతి రూపాయి వెనకా ఆమె నిఖా ఖర్చు లెక్క కూడా ఉంటుందని నాకు తెలుసు. ఆస్ట్రానమీలో సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, చదువు పొడుగు. ఇవన్నీ సచ్. ఇంకొన్ని సచ్‌లు కూడా ఉన్నాయి. ఫిజిక్స్ బీఎస్సీకి ఇంజనీరింగ్ కంటే ఖర్చు మామూలుగా తక్కువే అవుతుంది. ఆ తర్వాత ఎమ్మెస్సీకి మనకు పక్కనే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. ఉస్మానియాలో ఆస్ట్రానమీకే ఒక డిపార్ట్‌మెంట్ ఉంది. జామ్ పరీక్ష రాసి ఐఐటీల్లో చేరొచ్చు. జెస్ట్ రాసి బెంగళూరు ఖగోళ భౌతిక సంస్థకో, పుణే ఐయూకాకో పోవచ్చు. పీహెచ్‌డీ సీటు దొరికితే సర్కారు ఫెలోషిప్ ఇస్తుంది, అంటే చదువుతూనే నెలనెలా పైసలు. ఆస్ట్రానమీ దాకా పోలేకపోయినా ఆ దారిలో నేర్చుకునే లెక్కలు, కంప్యూటర్, డేటా పని ఎక్కడా వృథా కావు. ఈ రోజుల్లో ధూళి వెతకడమంటే ఎక్కువభాగం కంప్యూటర్ ముందు కూర్చునే చేసే పని. దుల్హాభాయ్‌కి నచ్చిన కంప్యూటర్ అందులోనే ఉంది.

ఆడపిల్ల రాత్రిపూట టెలిస్కోపు దగ్గరా అని ఇంకొకరు అడిగారు. సెహరీకి ముందు డాబా మీద నిలబడిన మా నానీ ఆడది కాదా? సుబ్హ్ కాజిబ్ ఏదో, సాదిఖ్ ఏదో ఇంటిల్లిపాదికీ చెప్పింది ఆమే. ఆ ఇల్మ్ మన ఇళ్ళలో ఆడవాళ్ళ చేతుల మీదుగానే వచ్చింది. టీడబ్ల్యూఏ 7 గ్రహాన్ని పట్టిన బృందానికి పెద్ద కూడా ఒక ఔరతే.

డిగ్రీ వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. 2014లో నాసావాళ్ళు డిస్క్ డిటెక్టివ్ అని ఒక ప్రాజెక్టు పెట్టారు. వైజ్ ఉపగ్రహం తీసిన ఫోటోలను నెట్‌లో మామూలు జనం ముందు పెట్టి, ధూళి ఉన్నట్టున్న నక్షత్రాలను ఏరమన్నారు. అలా ఏరినవాటిలో ఒక చిన్న ఎర్ర నక్షత్రం తేలింది. దాని వయసు సుమారు నాలుగున్నర కోట్ల ఏళ్ళు. ఆ వయసుకి పోయి ఉండాల్సిన పుట్టుకనాటి పళ్ళెం దాని చుట్టూ ఇంకా ఉంది. 2016లో దాని గురించి రాసిన పరిశోధన పత్రంలో ఇళ్ళ నుంచి పనిచేసిన వాలంటీర్ల పేర్లు కూడా ఉన్నాయి. ఎదగని పిల్లాడి కథ మీదుగా ఇలాంటివాటిని ఇప్పుడు పీటర్ పాన్ డిస్క్‌లు అంటున్నారు. జనం చేత ఇలా పని చేయించే ప్రాజెక్టులు జూనివర్స్ అనే సైట్‌లో ఉంటాయి. కావాల్సింది ఒక కంప్యూటరు, నెట్టు, గంటసేపు ఓపిక. మన పిల్లల చేతుల్లో ఈ మూడిట్లో మొదటి రెండూ ఉన్నాయి.

మనం పెద్దవాళ్ళం చేయగలిగిందీ ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఈద్ చాంద్ కోసం, ఊరంతా డాబాలెక్కుతాం. ఆ రెండు సాయంత్రాలూ పిల్లల చేతికి బైనాక్యులర్స్ ఇవ్వండి. చాంద్ దొరికాక వెంటనే కిందికి దిగకుండా ఇంకో అరగంట ఉండండి. మస్జిద్ కమిటీలు, అంజుమన్‌లు మంచి చందాలు పోగుచేస్తాయి. అందులోంచి ఒక చిన్న టెలిస్కోపు కొని బడి పిల్లలకి అందుబాటులో పెడితే ఎవరి ఇమాన్‌కీ నష్టం లేదు. ఉర్దూ బడుల్లో చదివే పిల్లలకి సయ్యారా పక్కన గ్రహం, కహ్‌కషాన్ పక్కన పాలపుంత, రెండు మాటలూ నేర్పండి. నాకు పడిన తిప్పలు వాళ్ళకొద్దు.

ఆదివారం మా ఆపా ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర ఈ మాటలన్నీ చెప్పాను. దుల్హాభాయ్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. చివర్లో, “ఉస్మానియా హాస్టల్లో మన అమ్మాయిలుంటారా?” అని మాత్రం అడిగారు. హాఁ అని ఆయన అనలేదు, నహీఁ అని కూడా అనలేదు. కాలేజీ ఫారం ఆఖరి తేదీ ఇంకా ఉంది.

ఆ రాత్రి భాంజీ సవాల్‌కి గ్రూపులోనే జవాబు రాశాను. అక్కడ రాళ్ళు ఇంకా గుద్దుకుంటున్నాయి బేటీ, గర్ద్ అందుకే ఉంది అని. వెంటనే ఇంకో సవాల్ వచ్చింది. “మరి చిన్న సితారాల దగ్గర వెలుగు తోపు తక్కువ కదా మామూ, అక్కడ ధూళిని తోసేదెవరు?”

నాకు తెలియలేదు. కితాబులు తిరగేస్తే రెండు రోజులకి దొరికింది. వెలుగు చేయలేని పనిని ఆ చిన్న నక్షత్రాల నుంచి వీచే కణాల గాలి చేస్తుందట. ఏయూ మైక్రోస్కోపీ లాంటి కుర్ర నక్షత్రాల గాలి చాలా జోరుగా ఉంటుందని అంచనా. ఇంత మంచి సవాల్ నేను ఇరవై ఏళ్ళ జర్నలిజంలో ఎవరినీ అడగలేదు. దుల్హాభాయ్ ఇది చదువుతారని నాకు తెలుసు. భాయ్‌సాబ్, ఆ పిల్లని ఆపకండి.